పవర్ పెంచడమా, జత కలపడమా?

బీపీ చీటీలో రెండో మందు పేరు రాయగానే చాలామంది ముఖం వాడిపోతుంది. "అంత ముదిరిందా సార్? ఉన్న మాత్రకే పవర్ పెంచరాదూ?" అంటారు. రెండు మందులు పడ్డాయంటే జబ్బు రెట్టింపైనట్టే అనిపిస్తుంది వాళ్లకి. ఆ బెంగ తీర్చకుండా చీటీ చేతిలో పెట్టి పంపడం సరైన వైద్యం కాదని నేను నమ్ముతాను.

ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు సంగతే చూడండి. 5 మిల్లీగ్రాములది 10 చేస్తే బీపీ ఇంకాస్త దిగుతుంది గానీ రెట్టింపు దిగదు. పాదాల వాపు మాత్రం బాగా ఎక్కువవుతుంది. చీలమండ పైన బొటనవేలితో కాసేపు నొక్కితే గుంట పడుతుంది, వేలు తీసినా వెంటనే పూడదు. ఈ మందు ధమనుల్ని వదులు చేసినంతగా సిరల్ని చెయ్యదు. దాంతో మధ్యనున్న సన్నటి నాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. అదే 5కి టెల్మిసార్టాన్ అనే వేరే రకం మందు 40 మిల్లీగ్రాములు కలిపితే సిరలూ వదులవుతాయి. బీపీ బాగా దిగుతుంది, వాపూ తగ్గుతుంది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 42 పరీక్షల ఫలితాలను కలిపి చూసిన 2009 నాటి విశ్లేషణలో, డోసు రెట్టింపు చేయడం కన్నా వేరే రకం మందు చేర్చడం వల్ల బీపీ సుమారు 5 రెట్లు ఎక్కువ తగ్గుతుందని తేలింది. మన దేశంలోనే 32 ఆసుపత్రుల్లో 1,981 మందితో జరిగిన టాప్‌స్పిన్ పరీక్షలో మూడు రకాల జతలు వాడి చూశారు. మూడూ దాదాపు సమానంగా పనిచేశాయి. ఆరు నెలల్లో 70 శాతం మందికి బీపీ 140/90 లోపుకి వచ్చింది.

అలాగని ఏ రెండు పడితే ఆ రెండు కలపకూడదు. టెల్మిసార్టాన్‌కి రామిప్రిల్ అనే మరో బీపీ మందు తోడైతే అదనపు లాభమేమీ లేదనీ, కిడ్నీలకి చేటనీ 2008లోనే తెలిసింది. గర్భిణులకు ఆ రెండింట్లో ఏదీ ఇవ్వకూడదు. బీపీ కొద్దిగానే ఎక్కువున్నవాళ్లకీ, బాగా నీరసించిన ముసలివాళ్లకీ ఒక్క మందుతో మొదలుపెట్టడమే మంచిది.

చాలా జతలు ఇప్పుడు ఒకే మాత్రగా దొరుకుతున్నాయి. కాళ్లు వాస్తే మందు మీ అంతట మీరు మానేయకండి, డాక్టరుకి చూపించండి. ఈసారి పవర్ పెంచుతామంటే, జత కలపడానికి వీలుందేమో ఒక్కమాట అడగండి.