ఎం.ఎస్‌సి. గణితము - ఫలితముల కొలత

మన కళాశాలలలో ఇటీవల "అభ్యసన ఫలితములు" అను మాట మిక్కిలి వినబడుచున్నది. ఒక పాఠ్యక్రమము ముగియునప్పటికి విద్యార్థి యేమి చేయగలవాడు కావలెనో ముందుగా వ్రాసి, పిదప అది నెరవేరినదా యని లెక్కించుట దీని యుద్దేశము. ఉద్దేశము మంచిదే. పూర్వము పాఠ్యప్రణాళిక యనగా అధ్యాయముల పట్టిక మాత్రమే. దానినిబట్టి విద్యార్థి కేమి వచ్చెనో చెప్పుటకు వీలులేకుండెను. ఆక్షేపణ యంతయు లెక్కించు పద్ధతి మీదనే.

ఈ ప్రశ్న ఉత్తరాంధ్రమునకు దూరమైనది కాదు. విజయనగరం మహారాజావారి విద్యాలయము 1879లో కళాశాల యైనది. శ్రీకాకుళములో 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రముగా మొదలైనది 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయమై, నేడు ఎచ్చెర్లలో నున్నది. ఇట్టి చోట్ల గణితము చదివినవారు రేపు రాజాములోనో, టెక్కలిలోనో, బొబ్బిలిలోనో నల్లబల్ల ముందు నిలుచువారు.

లెక్క యిట్లు సాగును. 40 మంది గల తరగతి ననుకొందము. నూటికి 50 మార్కులు గమ్యమని నిర్ణయింతురు. 32 మంది దానిని అందుకొన్నచో 80 శాతము. పట్టికలో "3" అను అంకె పడును, ఫలితము చక్కగా సాధింపబడినట్లు. ఆ 50 మార్కులు దేనికి వచ్చినవో ఆ అంకె చెప్పదు. తెలిసిన సిద్ధాంతములను కంఠస్థము చేసి వ్రాసినను 50 వచ్చును. కొత్త ప్రశ్నకు స్వయముగా నిరూపణ కట్టినను 50 వచ్చును. న్యాక్ సంస్థ 2017లో సవరించిన విధానములో సైతము, అభ్యసన ఫలితముల శీర్షిక క్రిందనే ఉత్తీర్ణుల శాతము ఒక కొలతగా చేరినది. కుంచము లోతు చూడక ధాన్యము కొలిచినట్లున్నది ఈ పని.

ఒక ఉదాహరణము. సంవృతాంతరముపై అవిచ్ఛిన్నమైన ప్రమేయము ఏకరూప అవిచ్ఛిన్నము కూడ అగునని వాస్తవ విశ్లేషణములో ప్రతి విద్యార్థియు చదువును. దాని నిరూపణను వ్రాయుమనుట పరిపాటి. కొంచెము మార్చి యడిగి చూడుడు: "0, 1 అను కొనలను తీసివేసిన అంతరములో నీ నిరూపణ యే పంక్తిలో చెడును?" ప్రతి బిందువునకు ఒక డెల్టా దొరకును. సంవృతాంతరమును పరిమితమైన కొన్ని చిన్న అంతరములతోనే కప్పవచ్చును. కావున ఆ కొద్ది డెల్టాలలో కనిష్ఠమైనదానిని తీసికొనవచ్చును, అది సున్న కాదు. కొనలు పోయినచో కప్పుటకు అనంతముగా కావలసి రావచ్చును. అప్పుడు డెల్టాలు సున్నకు ఎంతైనను చేరువ కావచ్చును. సంఖ్యకు దాని వ్యుత్క్రమము నిచ్చు ప్రమేయమే ఇందుకు సాక్షి. ఇంతమాత్రము చెప్పగలవానికి సిద్ధాంతము వచ్చినది. పంక్తులను అప్పగించినవానికి వచ్చినదో లేదో మనకు తెలియదు.

పదవ తరగతిలోను ఇదే వరుస. 2 యొక్క వర్గమూలము కరణీయమని నిరూపింతుము. అదే నిరూపణ 4కు ఏల పనికిరాదని చురుకైన బాలిక యొకతె అడిగినచో? ఒక సంఖ్య వర్గమును 2 భాగించినచో ఆ సంఖ్యను కూడ భాగించును. 4 విషయములో ఇది నిజము కాదు: 2 యొక్క వర్గమును 4 భాగించును, 2ను భాగింపదు. ఈ సమాధానమును తడుముకొనక చెప్పు ఉపాధ్యాయుడు కావలెను. పై పట్టికలో దీనికి గడి లేదు.

జాతీయస్థాయి నెట్ పరీక్ష కొంత మేలు. గణితమునకు 200 మార్కులు, మూడు గంటలు. మూడవ భాగములో 60 ప్రశ్నలలో 20 ఎన్నుకొనవలెను, ఒక్కొక్కదానికి 4.75 మార్కులు. సరియైన సమాధానములు ఒకటికి మించి యుండవచ్చును, అన్నియు గుర్తించిననే మార్కులు. ప్రత్యుదాహరణములు తెలియనివాడు ఇచ్చట నిలువలేడు. అయినను అభ్యర్థి నిరూపణ యొక పంక్తి యైనను వ్రాయడు.

కేంబ్రిడ్జి గణిత ట్రైపాస్ పరీక్షలో ర్యాంకుల వరుసను ప్రకటించు ఆచారము 1909తో ముగిసినది. దానిపై పోరాడినవారిలో ఒకడైన హార్డీ, 1926లో ఆ పరీక్షనే ఎత్తివేయవలె ననెను. అంతదూరము మనకు పొసగదు. పలుకుబడి లేని పల్లె విద్యార్థి ముందుకు పోవు దారి వ్రాతపరీక్షయే కదా!

దాని నుంచుకొని ప్రక్కన మౌఖికపరీక్ష చేర్చవచ్చును. తప్పున్న నిరూపణ నొకదానిని చేతికిచ్చి, తప్పెచ్చట నున్నదో చూపి సవరింపుమనవలెను. పక్షపాతమునకు తావుండు నందురు. ఇద్దరు పరీక్షకులు, వారిలో ఒకరు వేరు కళాశాలవారు, విడివిడిగా మార్కులు వేసినచో అది తగ్గును. కాలము చాలదందురు. విద్యార్థికి 15 నిమిషముల చొప్పున 40 మందికి పది గంటలు. అనగా రెండు దినముల పని.