అతుకుల బొంత: ఒక తిట్టు వెనుక సంగతి

తెలుగు విమర్శకుడికి ఒక రచన కట్టుబాటు నచ్చకపోతే నోటికొచ్చే మాట ‘అతుకుల బొంత’. నవలలో ప్రకరణాలు ఒకదాన్నొకటి పట్టుకోకపోతే అతుకుల బొంత. సంకీర్ణ ప్రభుత్వం వచ్చిందంటే సంపాదకీయాలకు అతుకుల బొంత. థీసిస్‌లో అధ్యాయాలు కలవకపోతే గైడు అనేదీ అదే. ఒక సెమినార్‌లో దళిత కవితా సంకలనాల గురించి మాట్లాడుతూ ఒక పెద్దమనిషి ఈ మాటే వాడాడు. ఆయన అనడంలో వింత లేదు. మనవాళ్ళ తరఫున లేచి జవాబు చెప్పిన వక్త ‘కాదండీ, ఇందులో పట్టుచీర నేతంత అల్లిక ఉంది’ అన్నాడు. చప్పట్లు కూడా పడ్డాయి. నాకు ఇబ్బందిగా తోచింది ఈ జవాబే. తిట్టును కాదన్నాం గాని తిట్టు వెనకున్న కొలతను ఒప్పుకున్నాం. పట్టుచీర ఎక్కువ, బొంత తక్కువ అన్న లెక్క అట్లనే ఉండిపోయింది. ఆ లెక్కను ముట్టుకోకుండా దళిత సౌందర్యశాస్త్రం మీద ఎన్ని పేజీలు రాసినా అవతలివాడి తరాజుతోనే తూకం వేసుకున్నట్టు.

ముందు మాట సంగతి. బొంతరాయి అంటే చెక్కని మొరటు రాయి. బొంతపురుగు అంటే ముట్టుకుంటే దురద. కాకుల్లో మరీ నల్లటిది బొంతకాకి. వీటన్నిటి ధాతువు ఒకటేనా కాదా అన్నది భాషాశాస్త్రజ్ఞులు తేల్చాలి. వినేవాడి చెవికి మాత్రం బొంత అంటే మొరటు, వికారం అని పడిపోయింది. అదే వస్తువు సంస్కృతంలోకి పోతే ‘కంథ’ అవుతుంది, యోగి భుజం మీదికెక్కి వైరాగ్యానికి గుర్తవుతుంది. సూఫీ ఫకీరు తొడిగిన అతుకుల అంగీకీ గౌరవమే. మాల మాదిగ ఇండ్ల దండెం మీద ఉన్నదే ఒట్టి బొంత. ఇంకో తమాషా ఏమంటే పండితుల ‘సూత్రం’ అనే మాటకు అర్థం దారం. ‘గ్రంథం’ ముడివేయడంలోంచి వచ్చింది. వాత్స్యాయనుడి అరవైనాలుగు కళల పట్టికలో సూదిపని కూడా ఉంది. కాబట్టి సూదీ దారం శిష్టులకు అంటరానివేం కావు. అవి ఎవరి చేతిలో ఉన్నాయన్నదే పేచీ.

ఇక బొంత ఎట్లా తయారైతదో చూద్దాం. చేతికందిన పేలికల్ని ఇష్టమొచ్చినట్టు కలిపి కుడితే బొంత అని విమర్శకుల నమ్మకం. మా తట్టు కోతలైపోయి ఎండలు ముదిరినంక బొంతలు కుడ్తరు. ఏడాది పొడుగునా దాచిన పాత నూలు చీరలు, పంచెలు ఉతికి ఆరేసి అంచులు వేరు చేస్తరు. వాకిట్ల పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెడ్తరు. డిజైన్ అనేది ఇక్కడే మొదలైతది. ఏ బట్ట ఏ పొరలకు పోవాలె? బాగా చినిగింది నడుమకు. కట్టీ కట్టీ మెత్తబడ్డది ఒంటికి తగిలే దిక్కుకు. ముతక పంచె కాళ్ళ దిక్కుకు, ఎందుకంటే పగిలిన మడిమలు రాత్రంతా రాపాడేది అక్కడ. చీర అంచు నేత గట్టిది గనక అది బొంత చుట్టూ పట్టీగా పోతది. బొంత ముందుగా పిగిలేది కూడా అంచుల దగ్గరే. పొరలు జరగకుండా ముందు పొడుగు టాకాలు, తర్వాత దబ్బనంతోటి వరుసలు. వరుసకూ వరుసకూ నడుమ వేలెడు ఎడం. ఎడం ఎక్కువైతే లోపలి పేలికలు ఉండలు కడ్తయి. మరీ తక్కువైతే బొంత బిర్రుగ అయి ఒంటికి చుట్టుకోదు. ఎదురెదురుగ కూచున్న ఇద్దరు ఆడవాళ్ళ చేతులు ఒక్కతీరు నడవకపోతే బట్ట ఒకదిక్కు గుంజుకపోతది. కొన్నేండ్లకు ఆ బొంత పాడైతే పారెయ్యరు, కొత్త బొంతకు అదే లోపలి పొర.

మాసిక ఎక్కడ పడాలన్నది కుట్టే మనిషి ఇష్టం కాదు. అది చిరుగు చెప్తది. కాని ఏ రంగు మాసిక అన్నది ఆమె ఇష్టమే. నీలి చీర మీద ఎర్ర ముక్క పడ్డదంటే ఇంట్లో ఎర్రది తప్ప వేరేది లేదని కాదు. మా ఇంట్లో అట్లాంటి బొంత ఒకటి ఉండేది. నీలి ముక్కలు మూటలో ఉండంగ ఎర్రది ఎందుకు వేసినవని అడిగితే ‘కంటికి ఆనాలె గదా’ అన్నది మా అమ్మ. ఆ ఒక్క మాటలో చిరుగును దాచుకునే సిగ్గు లేదు, దారిద్ర్యాన్ని ప్రదర్శనకు పెట్టడమూ లేదు. నిర్బంధం ఎక్కడ అయిపోతుందో, ఎంపిక ఎక్కడ మొదలవుతుందో ఆమెకు తెలుసు. కళను గురించి ఇంతకంటే ఎక్కువ ఏం అడుగుతాం?

కాబట్టి అతుకుల బొంత అని తిట్టేవాడు మొదట వాస్తవంలోనే తప్పుతున్నాడు. అతుకు కుదరని బొంత నెల రోజులు నిలవదు. ఆయన అనదలచింది ‘అతకని పేలికలు’ అని. అట్లా అంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

ఈ బట్టకు పాత చరిత్ర ఒకటి ఉంది. మనుస్మృతి పదో అధ్యాయం చండాలురు ఎక్కడ ఉండాలో, ఏ పాత్రలో తినాలో చెప్తూ వాళ్ళ బట్టలేవో కూడా తేల్చింది: చచ్చినవాళ్ళవి. అదే బట్టను బౌద్ధులు వేరే చేత్తో పట్టుకున్నారు. శ్మశానంలో, పెంటకుప్పల మీద పారేసిన గుడ్డలు ఏరి ఉతికి కుట్టుకున్న చీవరాన్ని పాంసుకూలం అన్నారు. మగధలో మళ్ళూ గట్లూ తీరుగా పరుచుకుని ఉండడం చూసి, చీవరాన్ని ఇట్లా కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడనీ, ఆనందుడు బట్టను ముక్కలుగా కోసి అట్లాగే జతచేసి చూపించాడనీ వినయపిటకంలోని మహావగ్గ చెప్తుంది. మనువు శిక్షగా వేసిన గుడ్డను సంఘం కోసి, కలిపి, అందరికీ ఒకటే వేషం చేసింది. నమూనా దొరికింది కూడా రాజుగారి కోటలో కాదు, దున్నిన పొలంలో. 1956లో అంబేడ్కర్ బౌద్ధం తీసుకోవడాన్ని తత్త్వంగా, రాజకీయంగా ఎంతో చర్చించాం. చీవరం కుట్టు దాకా మన చర్చ పోలేదు.

ఉస్మానియా క్యాంపస్‌లో తిరిగేవాళ్ళకు ఇంకో సాక్ష్యం కళ్ళెదుటే ఉంది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ డిజైన్ చేసింది. స్తంభాల్లో అజంతా, ఎల్లోరాల పోలికలు. ఆర్చీల్లో ఇస్లామీ కట్టడాల పోలికలు. దీన్ని అందరూ సమ్మేళనం అంటారు, సంస్కృతుల సమన్వయం అంటారు. నేనూ ఒప్పుకుంటాను, ఆ మెట్ల మీద కూచుంటే ఇప్పటికీ మనసుకు బాగుంటది. కాని ఇన్నేళ్ళలో దాన్ని అతుకుల బొంత అన్నవాడు ఒక్కడు తగల్లేదు. రాయిని రాయితో అతికితే సమన్వయం, బట్టను బట్టతో అతికితే ఎగతాళి.

క్యాంపస్ దాటి తార్నాక రోడ్డెక్కితే ఇంకో రకం వింత. బొటీకుల అద్దాల వెనక చిరగని కొత్త బట్టను ముక్కలు చేసి మళ్ళీ అతికిన కుర్తీలు, కుషన్ కవర్లు, పరుపు మీద వేసే క్విల్టులు. పేరు ప్యాచ్‌వర్క్. బొంత అని రాస్తే కొనరు. బొంత పోవడానికి కారణం కాలం మారడమే అని తేలిగ్గా అంటారు గాని సగం కారణం బట్టలోనే ఉంది. నూలు చీర పోయి పాలిస్టర్ చీర వచ్చినంక పొర పొర మీద నిలవదు, జారిపోతది. చెమట పీల్చదు. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళు వీధుల్లోకి వచ్చినంక దాచిపెట్టే మూట కూడా కరిగింది. పోచంపల్లి ఇక్కత్‌కు, శ్రీకాళహస్తి కలంకారీకి, కర్ణాటకలో సండూరు లంబాడీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. బొంత ప్రతి ఊళ్ళో ఉంది గనక ఏ ఊరి పేరూ దానికి అంటుకోలేదు. ఒక్క మాట చెప్పాలె: బొంత దళితులది మాత్రమే కాదు. బీసీల ఇండ్లల్లో, బీద ముస్లింల ఇండ్లల్లో, ఆమాటకొస్తే బీద రెడ్ల ఇండ్లల్లోనూ కుట్టిండ్రు. మనదొక్కటే అనుకోవడం అబద్ధం. తిట్టు మాత్రం కింది నుంచి కిందికే దిగుతది.

అయితే గుర్తింపు వస్తే చాలా? ఉత్తర కన్నడ అడవుల్లో, ఆఫ్రికా నుంచి తేబడ్డవాళ్ళ సంతానమైన సిద్దీ ఆడవాళ్ళు ‘కవంది’ అనే బొంత కుడ్తరు. మూల దగ్గర మొదలుపెట్టి అంచుల వెంట తిరుగుతూ నడుముకు వస్తరు. చివరకు మూలల్లో మడిచిన ముక్కలు పెడ్తరు. వాటిని ‘ఫూల’ అంటరు, పువ్వు అని. అవి లేని కవంది బట్టలేని మనిషి లాంటిదని వాళ్ళ లెక్క. వాళ్ళ కుట్టు కళాచరిత్రకారుల కంట పడింది, అమెరికా దాకా పోయింది.

అమెరికాలోనే అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ కథ మనం చదవాల్సింది. అక్కడి నల్లవాళ్ళలో చాలామంది ఇంటిపేరు పెట్వే. అది వాళ్ళ తాతలను బానిసలుగా ఉంచుకున్న యజమాని ఇంటిపేరు. 1942లో మిస్సౌరీ పెట్వే భర్త చనిపోతే ఆయన పని బట్టలతోనే కూతురుతో కలిసి బొంత కుట్టుకుంది, ఆయన గుర్తుగా కప్పుకోవడానికి. 1960లలో ఓటు నమోదుకు పోవడం మొదలుపెట్టగానే నది దాటించే పడవను ఆపేశారు. అది మళ్ళీ నడిచింది 2006లో. 1966లో ఆ ప్రాంతపు ఆడవాళ్ళు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. పెద్ద దుకాణాల ఆర్డర్లు వచ్చాయి గాని అన్నీ ఒకే కొలత, ఒకే నమూనా కావాలన్నారు. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టిచ్చి, మిగిలిన ముక్కల్ని ఇండ్లకు తెచ్చుకుని తమకు నచ్చినట్టు బొంతలు కుట్టుకున్నారు. పేరొచ్చింది ఆ ఇంటి బొంతలకే. 2002లో హ్యూస్టన్‌లో, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో అవి గోడలకెక్కాయి. 2006లో తపాలా బిళ్ళలయ్యాయి. 2007లో కుట్టిన ఆడవాళ్ళలో కొందరు తమకు రావాల్సింది రాలేదని బొంతలు సేకరించినవాళ్ళ మీద కోర్టుకు పోయారు. మరుసటేడు రాజీ అయింది. ఆధునిక చిత్రకళతో పోల్చి మెచ్చుకున్న విమర్శకులు కూడా మన సెమినార్ వక్త చేసిన పనే చేశారని నాకనిపిస్తుంది. పట్టుచీరకు బదులు వాళ్ళు కాన్వాస్ అన్నారు.

మనవాళ్ళ సంగతి కూడా దాచొద్దు. 1994లో దండోరా ఉద్యమం మొదలైనంక డప్పు అవమానం నుంచి గౌరవానికి నడిచింది. చెప్పు మీద, తోలు మీద కవిత్వం వచ్చింది. డప్పు కొట్టేది మగవాడు, ఊరి నడుమ కొడ్తడు. దబ్బనం పట్టేది ఆడమనిషి, వాకిట్ల పడ్తది. ఉద్యమం దేన్ని వేదిక మీదికి తెచ్చిందో, దేన్ని ఇంట్లో వదిలిందో చూస్తే మన సౌందర్యశాస్త్రానికి కూడా ఒక మగ కన్ను ఉందని ఒప్పుకోక తప్పదు. జూపాక సుభద్ర కొంగు మీద రాసినప్పుడు ఆ కన్ను కొంచెం తడబడింది. కొంగును మానానికి కాపలాగా కాకుండా పనిముట్టుగా చూపించింది ఆమె. బొంత దాకా ఆ చూపు ఇంకా రావాలె.

వస్తే చదవడం మారుతుంది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యం ‘నల్లపొద్దు’గా వచ్చింది. వేర్వేరు కాలాలవాళ్ళు, వేర్వేరు తీరుల రాతలు. ఒకే శైలి, ఒకే స్థాయి వెతికేవాడికి అది చెదిరినట్టే కనిపిస్తుంది. కాని బొంత కుట్టినోళ్ళ తీరుగా చూస్తే అడగాల్సినవి వేరు. సాహిత్య చరిత్రలో ఎక్కడ చిరిగి ఉంటే ఈ ముక్క పడ్డది? పక్క ముక్కతో ఏ వరుస దీన్ని పట్టుకున్నది? మెత్తటిది ఎటువైపు ఉంది, ముతకది ఎటువైపు? ఈ ప్రశ్నలతో చూస్తే తేలిపోయే రచనలు మనలోనూ ఉంటాయి. వరుస పడని సంకలనాలు మనవాళ్ళూ వేశారు, వాటిని కాపాడమని నేను అనడం లేదు.

ఒక స్నేహితుడు ఈ వ్యాసం విని, ‘బొంతను పొగడడమంటే చలిని పొగడడమే’ అన్నాడు. బలమైన మాటే. నల్లులు, వర్షాకాలం ఆరని తడి, ఉతికితే ఇద్దరు పిండినా లేవని బరువు, ఇవన్నీ అనుభవించినోళ్ళకు బొంత మీద మోజు ఉండదు. డబ్బులుంటే రగ్గు కొనుక్కుంటరు, కొనుక్కోవాలె. ఎవరినీ వెనక్కి పోయి బొంత కప్పుకొమ్మని అడగడం లేదు. అడిగేది కుట్టు తెలిసిన ముసలమ్మలు ఉండంగనే వాళ్ళ దగ్గర కూచుని రాసుకొమ్మని. ఎన్ని పొరలు, ఎవరి చీర, అంచు ఎక్కడ తీశారు, మాసిక రంగు ఎవరు చెప్పారు, పక్కన కూచుని కుట్టిందెవరు. కుట్టిన మనిషి పేరు ముందు రాయాలె, ఆమె ఒప్పుకుంటేనే ఫొటో తియ్యాలె. మన విద్యార్థులు ఈ ఎండకాలం సెలవులకు ఊర్లకు పోయేటప్పుడు ఒక నోటుబుక్కు, కొలత టేపు తీసుకపోతే చాలు.