మీటిన తీగె: పాతబస్తీ మెహఫిలులో చౌక కంప్రెసరు

మీటిన తీగెనుండి పుట్టు నాదము పుట్టిన క్షణముననే తన పరాకాష్ఠను చేరి, ఆ వెంటనే క్షీణింప నారంభించును. గాయకునకు ఊపిరి కలదు, సారంగికి కమాను కలదు, హార్మోనియమునకు తిత్తి కలదు. కనుక వానియందు స్వరమును ఇచ్ఛ వచ్చినంతసేపు పోషింపవచ్చును. వీణకు గాని, సితారుకు గాని, గిటారుకు గాని ఆ సౌలభ్యము లేదు. వైణికుడు తీగెను ప్రక్కకు లాగి ఒక గమకమును పలికింపబూనినచో, మీటునందలి శక్తి వ్యయము కాకమునుపే ఆ స్వరమును గమ్యమునకు చేర్చవలెను. ఆలస్యమైనచో గమకము శ్రోత చెవికి చేరకయే అణగిపోవును. సితారు మెట్లక్రింద పరచిన తరఫ్ తీగెలు మొదలుకొని వీణకు తొలిచిన పనసకొయ్య కుండ వరకు మన తంత్రీవాద్యముల నిర్మాణమును పరిశీలించినవారికి, ఈ క్షయమును జయించుటకై మనవారు పడిన ప్రయాస యెంతటిదో తెలియకపోదు. ఎలక్ట్రిక్ గిటారు వాయించువాడు తన పాదమువద్ద పెట్టుకొను కంప్రెసరు పెడలు ఆ ప్రయాసకే అనంతర రూపమని నా విశ్వాసము. దానిని సంగీతమును చెరచు యంత్రముగ తలచి తిరస్కరించు పెద్దలు ఒకమారు ఈ కోణమునుండి ఆలోచింపవలెనని నా మనవి.

హైదరాబాదు పాతబస్తీ సంగీతము తరతరములుగ కంఠమును ఆశ్రయించి బ్రదికినది. దర్గాల ఉర్సులలో ఖవ్వాలీ, రసికుల ఇండ్లలో గజల్, పెండ్లి ఊరేగింపులలో అరబ్బు, హబ్షీ వంశములవారు తెచ్చిన మర్ఫా డప్పులు ఇచ్చటి వీథులకు చిరపరిచితములు. 1971లో పద్మశ్రీ పురస్కారమందిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఖవ్వాలీకిని, పండిత విఠల్‌రావు గజలుకును ఈ నగరమున తెచ్చిన గౌరవము సంగీతాభిమానులు ఎరిగినదే. ఈ సంప్రదాయములందు హార్మోనియము, తబలా, ఢోలకుల స్థానము స్థిరమైనది. గిటారు కడపట వచ్చిన అతిథి. 1970వ దశకపు ద్వితీయార్ధమున జగ్జీత్ సింగ్ తన గజళ్లలో గిటారుకు చోటిచ్చిన తరువాత, ఆ వాద్యమునకు దేశమంతట మెహఫిలులలో ప్రవేశము సులభమయ్యెను. శాలిబండనుండి చాంద్రాయణగుట్ట వరకు గల ఫంక్షను హాళ్లలో నేడు గజల్ గాయకుని ప్రక్కన గిటారు కనబడుట వింత కాదు.

ఐతే ఆ ప్రక్కన కూర్చున్న గిటారు వాదకుని కష్టము వేరు. గాయకుడు గజలు తొలి షేరగు మత్లాను మెల్లగ అందుకొనునప్పుడు, వాదకుడు తీగెలను ఒక్కొక్కటిగ వ్రేళ్లతో మీటుచు స్వరసముదాయమును విప్పిచూపవలెను. ఆ మీటులలో బొటనవ్రేలి క్రింది లావు తీగె గంభీరముగ మ్రోగగా, ఉంగరపు వ్రేలి క్రింది సన్నతీగె వినబడీ వినబడకుండును. అంతలో తబలా దుగున్ (రెట్టింపు వేగము) అందుకొనును, గిటారు మునిగిపోవును. ఆంపు శబ్దమును పెంచినచో, తరువాతి షేరుకు గాయకుడు గొంతు తగ్గించిన వెంటనే ఒక్క మీటు సభనంతయు ఉలికిపాటునకు లోను చేయును. ఈ హెచ్చుతగ్గులను వ్రేళ్లతోనే సరిచేయగల మహానుభావులు కలరు. వారికి సాష్టాంగ నమస్కారము. తక్కినవారికి సహాయము కావలెను.

ఆ సహాయమైన కంప్రెసరు పుట్టినది సంగీతశాలలో కాదు, రేడియో కేంద్రములలో. 1935లో నిజాము ప్రభుత్వ ఆధ్వర్యమున దక్కన్ రేడియో ప్రసారములు మొదలైన కాలమున, ఏ దేశమునందైనను ప్రసారకేంద్రపు ఇంజనీరు మీటరు ముల్లును చూచుచు, గాయకుడు గొంతెత్తినప్పుడు శబ్దమును తగ్గించి, దించినప్పుడు హెచ్చించుచు, నాబుమీద చేయి తీయక కూర్చుండవలసి యుండెను. ఏమరుపాటు కలిగినచో ట్రాన్స్‌మిటరు తాళలేకపోవును. ఆ దశకముననే ఆ చేతిపనిని స్వయముగ నిర్వహించు లిమిటర్లు ప్రసారకేంద్రములకు వచ్చినవి. 1967లో బిల్ పట్నమ్ రూపొందించిన 1176 అను కంప్రెసరు రికార్డింగు స్టూడియోలలో నేటికిని ప్రామాణికము. 1970వ దశకమున అమెరికాలోని రోచెస్టరు నగరపు ఎంఎక్సార్ సంస్థ డైనా కాంప్ అను ఎఱ్ఱని చిన్న పెట్టెతో ఆ విద్యను గిటారు వాదకుని కాలిక్రిందికి తెచ్చెను. దానిమీద ఉన్నవి రెండే నాబులు. దాని గర్భమున ఉన్నది 3080 అను చిన్న చిప్పు. దానికి అందించు నియంత్రణ విద్యుత్తు హెచ్చినకొలది శబ్దమును పెంచుట, తగ్గినకొలది తగ్గించుట దాని స్వభావము.

పని యంతయు ఇంతే. పెట్టెలోని ఒక భాగము వచ్చుచున్న శబ్దపు బలమును కొలుచును. ఒక హద్దును దాటినంతనే రెండవ భాగము దానిని అదుపులోనికి తెచ్చును. నాలుగింటికి ఒకటి అను నిష్పత్తి యున్నచో, హద్దును 8 డెసిబెల్లులు దాటి వచ్చిన మీటు 2 డెసిబెల్లులు మాత్రమే దాటి వెలువడును. ఆ విధముగ శిఖరములు తగ్గిన పిదప, మొత్తము శబ్దమును లెవెల్ నాబుతో పైకెత్తినచో అణగియున్న స్వరములు వెలుగులోనికి వచ్చును. తీగె కంపనము సన్నగిల్లుచున్నకొలది యంత్రము తన పట్టును సడలించుచు పోవును గనుక, నాదము తగ్గుచున్నను చెవికి తగ్గినట్లు తోపదు. యంత్రము తీగెకు క్రొత్త శక్తి నేమియు ఈయదు. ఉన్న శక్తిలో చివరి అంశము వరకు మనకు వినిపించును, అంతమాత్రమే.

చౌక పెడళ్లవలన ఈ ప్రయోజనము సిద్ధించునా అని అడుగువారు పలువురు. సిద్ధించును. డైనా కాంప్ వలయము దాదాపు అర్ధశతాబ్దముగ అందరెరిగినది. అందలి భాగములు అల్పమూల్యములు. బాస్ సీఎస్-3 మార్గమును అనుసరించిన బెరింగర్ సీఎస్ 400 గాని, డైనా కాంప్ వంశమునకు చెందిన జోయో పెడలు గాని చేయు ప్రధానకార్యము ఖరీదైన పెట్టెలు చేయు కార్యమే. భేదము పరికరముల మన్నికలోను, బుస లోను ఉన్నది. బెరింగర్ పెట్టె ప్లాస్టిక్కుది. దానిని బూటుకాలితో త్రొక్కరాదు. మెహఫిలులో వాదకుడు జంఖానాపై పాదరక్షలు లేక కూర్చుండును గనుక, పెడలును మోకాలి ప్రక్కన పెట్టుకొని చేతితోనే నొక్కు పాతబస్తీ పద్ధతిలో ఈ లోపము లోపమే కాదు.

ఇక గజలుకు దానిని అమర్చు విధము. ముందుగ పెడలును ఆపి, గాయకుని మెల్లని గొంతునకు తగినట్లు ఆంపును సరిచూచుకొనవలెను. పిదప యంత్రపు పట్టు ఎంతయో నిర్ణయించు సస్టెయిన్ నాబును పూర్తిగ తగ్గించి పెడలును తెఱచి, ఆపినప్పుడును తెఱచినప్పుడును శబ్దము సమానముగ నుండునట్లు లెవెల్ నాబును త్రిప్పవలెను. ఈ సమానత్వమును పాటింపనివారు హెచ్చిన శబ్దమును చూచి అదియే మాధుర్యమని భ్రమపడుదురు; పెడళ్లను గూర్చిన అపోహలలో సగము ఇచ్చటనే పుట్టినవి. ఆ తరువాత ఆరు తీగెలను వరుసగ మీటుచు సస్టెయిన్‌ను కొంచెము కొంచెముగ పెంచుచు పోగా, సన్నతీగె లావుతీగెతో సరితూగి నిలుచు స్థలమొకటి తగులును. సాధారణముగ అది నాబు పరిధిలో మూడవ వంతునకు లోపలనే యుండును. అచ్చట ఆగవలెను. అంతకు మించినచో ప్రతి మీటును ఒకే యెత్తున నిలబడి, వ్రేళ్ల భావము నశించును.

అటాక్ అను నాబు విషయమున జాగ్రత్త అవసరము. ఆ పేరు గల నాబు అన్ని పెట్టెలలోను ఒకే పని చేయదు. కొన్నిటిలో అది యంత్రము ఎంత త్వరగ పట్టు బిగించునో నిర్ణయించును; డైనా కాంప్ వంశపు కొన్ని పెడళ్లలో అది పట్టు సడలి కోలుకొను కాలమును మార్చును. కనుక పేరును నమ్మక చెవిని నమ్మవలెను. గోరు తగిలిన తొలిక్షణపు చిటపట తబలా కినారు (అంచు) పలుకునకు అడ్డుతగులుచున్నదా? పట్టును త్వరపరుపుడు. ఆ చిటపట లేక గిటారు మందముగ, దూరముగ పలుకుచున్నదా? ఆలస్యపరుపుడు. గజలుకు నేను రెండవదానినే వరింతును. మీటు తొలిస్పర్శలో వాదకుని చేయి తెలియును, దానిని యంత్రమునకు అప్పగింపరాదు.

ఈ పెట్టె నిజముగ తన విలువ చూపునది మీండులోను (స్వరమునుండి స్వరమునకు జారుటలోను) గమకములోను. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఎనిమిది తీగెల సంప్రదాయ మాండొలిన్‌ను విడిచి, ఐదు ఒంటితీగెల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను చేపట్టుటకు ముఖ్యకారణము గమకము నిలుచునంత దీర్ఘనాదము కావలసివచ్చుటయే. కర్ణాటక సంగీత విద్వాంసులు తొలుత శంకించిన ఆ విద్యుద్వాద్యమే ఆయన చేతిలో మన రాగములకు నమ్మకమైన గొంతుక యయ్యెను. పశ్చిమమున లోవెల్ జార్జ్ వంటి స్లైడ్ గిటారు విద్వాంసులు కంప్రెసరుతో ఒక్క స్వరమును గాయకుని ఆలాపనవలె సాగదీసిన తీరును వినినవారికి, ఈ రెండు మార్గములకు గమ్యమొకటేయని తోచును. పాతబస్తీ గిటారు వాదకుడు గాయకుని తాన్‌కు (వేగముగ సాగు స్వరవరుసకు) బదులు పలుకునప్పుడు తీగెను ఒకటిన్నర స్వరము పైకి లాగి, అచ్చట క్షణకాలము నిలిపి, మెల్లగ దించవలసి వచ్చును. కంప్రెసరు లేనిచో దిగుదల సగమునకు ముందే నాదము ఆరిపోవును; ఉన్నచో దిగుదల అంతయు వినబడును. ఐతే దీనికి మూల్యము కలదు. మీటని తీగెల గుసగుసలు, వ్రేలు తీగెపై జరుగు రాపిడి కూడ అంతే స్పష్టముగ పైకి వచ్చును. కనుక కుడి అరచేతి అంచుతో లావుతీగెలను, ఎడమచేతి చూపుడువ్రేలితో సన్నతీగెలను అణచిపట్టు అభ్యాసము లేనివాడు ఈ పెడలును కొనుటకు తొందరపడరాదు.

ఖవ్వాలీలో మాత్రము దీనిని ఆపివేయుటయే మేలని నా నిశ్చితాభిప్రాయము. ఖవ్వాలీ యంతయు ఆరోహణమే. ఒక పాదమును మరల మరల పలుకుచు, చప్పట్లను బిగించుచు, లయను పెంచుచు, సభను హాల్ అను తన్మయస్థితికి తీసికొనిపోవుట అందలి పరమార్థము. శబ్దము పెరిగినకొలది తగ్గించుట స్వభావముగ గల యంత్రము అట్టి సంగీతమునకు విరుద్ధము. పదిమంది కంఠములు ఎగయుచుండగా గిటారు ఒక్కటే మొదటి మెట్టుమీదనే నిలిచిపోవును. విధిలేక వాడవలసి వచ్చినచో గిటారుమీది వాల్యూమ్ నాబును సగమునకు దించి ఆరంభింపవలెను. అప్పుడు హద్దును దాటు మీటులు అరుదు గనుక యంత్రము నిద్రించుచుండును; వ్రేళ్ల బలముతోనే ఆరోహణము సాధ్యమగును.

పెడళ్ల వరుస విషయమున సామాన్య పద్ధతి ఇది. గిటారునుండి వచ్చు కేబులు మొదట కంప్రెసరునకు, అచ్చటినుండి ఓవర్‌డ్రైవు పెడలునకు, ఆ పిదప డిలే, రివర్బులకు పోవలెను. ఓవర్‌డ్రైవు తరువాత కంప్రెసరును పెట్టినచో, దాని బుస నంతయు ఇది పెద్దది చేసి చూపును.

బుస మాట వచ్చినది గనుక విద్యుత్తును గూర్చి చెప్పి ముగింతును. వాదకుడు మీటుట ఆపిన క్షణమున కంప్రెసరు తన పట్టును పూర్తిగ విడిచి, తెరచిన చెవితో నిరీక్షించుచుండును. ఆ నిశ్శబ్దమున కేబులులో, పికప్పులో, అడాప్టరులో ఉన్న దోషమంతయు బయటపడును. మన సరఫరాలోని 50 హెర్ట్జుల మ్రోత, అలంకారపు దీపముల డిమ్మర్లు చేయు రొద, భూసంధానము లేని ప్లగ్గు చేయు హమ్మింగు పెడలు దోషములుగ నిందింపబడుచున్నవి గాని, అవి హాలు దోషములు. సింగిల్ కాయిల్ పికప్పు గల గిటారులో ఇవి మరింత హెచ్చుగ వినబడును. నయాపూల్ దాటి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లినచో మంచి కేబులును, 9 వోల్టుల మేలైన అడాప్టరును దొరకబుచ్చుకొనవచ్చును. కొనునప్పుడు మధ్యకొన ఋణధ్రువమగునా అని చూచుకొనవలెను, గిటారు పెడళ్లలో పెక్కింటికి అదియే నియమము. కచేరీనాడు ఇంకను మేలైన ఉపాయము క్రొత్త 9 వోల్టుల బ్యాటరీ. కంప్రెసరు పెడలు త్రాగు విద్యుత్తు స్వల్పము. ఒక్క బ్యాటరీ ఒక రాత్రి మెహఫిలును నిశ్చయముగ దాటించును.

ఫంక్షను హాళ్ల యజమానులకు, మెహఫిలులను ఏర్పాటు చేయు పెద్దలకు నాదొక విన్నపము. గాయకునకు పువ్వులును, శ్రోతలకు జంఖానాలును ఎంత శ్రద్ధతో అమర్చుచున్నారో, అంతే శ్రద్ధతో వేదికప్రక్కన భూసంధానము గల ప్లగ్గు నొకదానిని, దీపముల తీగెలతో కలియని లైనునుండి, వాద్యకారులకై ప్రత్యేకముగ ఏర్పరుపుడు. దానికగు వ్యయము ఒక పూలదండకగు వ్యయమునకు మించదు.