చూసేవాడొకడు, పేల్చేవాడొకడు

రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన స్ట్రాటజీ గేముల్లో నేను ఎక్కువ రాత్రులు తగలేసింది 'కంపెనీ ఆఫ్ హీరోస్ 2' మీద. 2015లో అందులోకి బ్రిటిష్ సైన్యం వచ్చింది. దాంతోపాటే మోర్టార్ గుంట. లోపల మూడంగుళాల మోర్టార్లు రెండు. ఒకసారి కట్టేస్తే చాలు, పరిధిలో శత్రువు కనపడగానే అదే పేలుస్తూ ఉంటుంది. మామూలు కాల్పులకు బాంబుల లెక్క అడిగేవాడు లేడు. నేను టీ పెట్టుకుని వచ్చేసరికి అవతల ఒక దళం సగమై ఉంటుంది. బాగుంటుంది. ఆ బాగుండటంతోనే నాకు పేచీ.

అసలు మోర్టార్ సంగతి వేరు. గొట్టం, కింద ఒక పలక, ముందు రెండు కాళ్ల స్టాండు, అన్నీ కలిపి యాభై కిలోలు దాటుతాయి. బండి వెళ్లని చోట మనుషులు పంచుకుని మోయాల్సిందే. ఒక్కో బాంబు నాలుగున్నర కిలోలు. నిమిషానికి పది వేశారంటే నలభై ఐదు కిలోలు ఖర్చు, అదంతా మళ్లీ ఎవరో మోసుకురావాలి. బెటాలియన్ మొత్తానికి ఇలాంటివి ఆరు. మొదట్లో దాదాపు 1,500 మీటర్లున్న పరిధిని యుద్ధం నడుస్తుండగా 2,500 దాకా పెంచారు.

అంత దూరంలో, ఏ గుట్ట వెనకో ఉన్నవాడికి శత్రువు కనపడడు. ముందెక్కడో ఒక పరిశీలకుడు బోర్లా పడుకుని చూస్తాడు. ఇంకొంచెం కుడికి, ఇంకొంచెం దూరం అని వైర్‌లెస్‌లోనో టెలిఫోన్ తీగ మీదో చెప్తాడు. దూరానికి వేస్తే బాంబు ఇరవై సెకన్లకు పైనే గాల్లో ఉంటుంది. చూసేవాడి దగ్గర మోర్టార్ లేదు, పేల్చేవాడికి చూపు లేదు. ఇద్దర్నీ కలిపేది ఒక్క మాట. తీగ తెగితే అదీ లేదు.

గేమ్ చేసిందల్లా ఈ ఇద్దర్నీ ఒక్క మౌస్‌లో కలిపేయడం. పైనుంచి చూసేదీ నేనే, వేసేదీ నేనే. మధ్యలో ఉండాల్సిన అనుమానం మాయమైంది.

'చదరంగంలో ఏనుగుకి మేత ఎవరేస్తున్నారు? ఆట ఆటే కదా' అనొచ్చు. నిజమే. కానీ చదరంగం బురద చూపించదు, గాయపడ్డవాడి కేక వినిపించదు. ఈ గేమ్ రెండూ చేస్తుంది. యుద్ధం ఇలాగే ఉండేదని నన్ను నమ్మించాలని చూస్తుంది. అలాంటప్పుడు ఏం వదిలేసిందో అడగాలి.

2011లో వచ్చిన 'కంబాట్ మిషన్: బాటిల్ ఫర్ నార్మండీ' చూపుకి అంత సొంపుగా ఉండదు. బ్రిటిష్ దళాలు మరుసటి ఏడాది చేరాయి. ఇందులో బాంబులకు లెక్కుంది. పరిశీలకుడు అడగాలి, నిమిషాలు ఆగాలి, ముందు ఒకటీ రెండూ పడ్డ చోటు చూసి సరిచెయ్యాలి. ప్లటూన్ దగ్గరుండే రెండంగుళాల చిన్న మోర్టార్ కూడా ఉంది. నిజంలో దాని గురి గొట్టం మీద గీసిన తెల్లగీత. దాంతో పొగ బాంబులు కూడా వేసేవాళ్లు, చంపడానికి కాదు, మనవాళ్లు దాటే దాకా శత్రువు కళ్లు కప్పడానికి.

ఒక రాత్రి తోట కంచె మీదకి కాల్పులు అడిగాను. ఆలస్యమయ్యేసరికి ఓపిక పోయి నా ప్లటూన్‌ని ముందుకి పంపాను. అడిగిన సంగతి మర్చిపోయాను. బాంబులు మర్చిపోలేదు. సరిగ్గా నేను చెప్పిన చోటే పడ్డాయి, అక్కడికి చేరిన నావాళ్ల మీద.

మోర్టార్ గుంట నాకు చాలా ఆటలు గెలిపించింది. వాటిలో ఒక్కటీ గుర్తులేదు. ఆ కంచె మాత్రం గుర్తుంది.