ఏ ప్రతి ముందు? డిజిటలీకరణమున గ్రంథనిర్ణయము

తాళపత్రముల కాలమున గ్రంథమునకుఁ బ్రతి యెత్తించుట వ్యయసాధ్యము. లేఖకుఁడు దొరకవలెను, ఆకు సిద్ధము కావలెను, నెలల తరబడి శ్రమింపవలెను. కావున నేది వ్రాయింపవలెనను నిర్ణయమే యేది నిలువవలెనను నిర్ణయ మయ్యెను. మరల మరల ప్రతి యెత్తఁబడినవి మిగిలెను; తక్కినవి పురుగులపాలయ్యెను. నేఁటి స్కానింగు యంత్రము లేఖకుని శ్రమను దగ్గించినదే కాని యీ నిర్ణయభారమును దొలఁగింపలేదు. ధనము, కాలము, పని తెలిసినవారు ఇప్పటికిని పరిమితులే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములను, వాని పరిసరగ్రామములను దృష్టియం దుంచుకొని యీ నిర్ణయమునకుఁ దగిన ప్రమాణమును విచారించుట యుచితము.

ఇట్టి కార్యమునకుఁ బెద్ద నిదర్శనము గలదు. ఆచార్య రాజ్ రెడ్డి ప్రేరణమున నారంభమైన మిలియన్ బుక్ ప్రాజెక్టులో భాగముగ, 2000వ సంవత్సరము తరువాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట వేలకొలఁది తెలుఁగు పుస్తకములు స్కాను చేయఁబడెను. మాఱుమూల పాఠశాలయందలి పండితుఁడును బూర్వముద్రణములను జదువఁగలిగెను. ఈ మేలు మఱవఁదగినది కాదు. అయినను ఒకే పుస్తకము పలుమాఱులు స్కానయ్యెను. కొన్నింట పుటలు లోపించెను. తెలుఁగు పేరులు రోమను లిపిలోఁ దోఁచినట్లు వ్రాయఁబడుటచే నున్న గ్రంథమే లేనట్లయ్యెను. సంఖ్యయే గమ్యమైనచో నెన్నిక వెనుకఁబడునని దీనివలనఁ దెలియుచున్నది.

ధర్మపురి శేషప్పకవి నరసింహశతకమునకు ముద్రణములు పెక్కు గలవు. వానిలో మఱియొకదానిని స్కాను చేయుటవలన నశించునది రక్షింపఁబడదు. ఆ శతకమునకే పాఠభేదములు గల పాత వ్రాఁతప్రతి యొక యింట దొరకెనేని యది ప్రథమగణ్యము. కృతి ఖ్యాతికంటె ప్రతి యేకత్వమే ప్రమాణము కావలెను.

ఒక్క సాక్ష్యము సారస్వతచరిత్ర నెంత మార్పఁగలదో కురిక్యాల శాసనము చాటుచున్నది. గంగాధర సమీపమున బొమ్మలగుట్టపైఁ బంపకవి తమ్ముఁడు జినవల్లభుఁడు 10వ శతాబ్దమునఁ జెక్కించిన యీ త్రిభాషాశాసనమున మూఁడు తెలుఁగు కందములు గలవు. నన్నయకు ముందే కందము తెలుఁగున నెట్లు నడచెనో యవి చూపుచున్నవి. శిలపై నుండఁబట్టి యవి నిలిచినవి. కాగితమున కంతటి యాయువు లేదు.

ఆంధ్రమహాసభ నాలుగవ సమావేశము 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలో జరిగెను. ఆయన రచించిన తెలంగాణా ఆంధ్రోద్యమము ముద్రితమై యున్నది. కాని యా సభ కరపత్రములో, ఆహ్వానములో, జాబులో యెవరి పెట్టెలోనైన మిగిలియున్నచో వానికి రెండవ ప్రతి దొరకుట దుర్లభము. 1934లో సురవరము ప్రతాపరెడ్డి ప్రకటించిన గోలకొండ కవుల సంచిక 354 మంది కవులను బేర్కొన్నది. ఆ సంచికను మరల స్కాను చేయుటకంటె, దానిని సూచికగఁ గొని యా కవుల యముద్రితకృతులను వెదకుట మేలు. ఉర్దూ పత్రములను దెలుఁగు పండితులు పరాయివని విడువరాదు. హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డి పాఠశాలావిద్య ఉర్దూ మాధ్యమముననే సాగినది. నిజాం రాజ్యమున గ్రామలెక్కలు, దస్తావేజులు ఆ భాషలో నుండెను. వానిని విడిచినచో నీ సీమ చరిత్ర సగమే మిగులును.

పాఠకులు కోరునవి ముందుగ నీయవలదా యని యొక యాక్షేపము గలదు. అది న్యాయమే, ప్రజాధనముతో జరుగు పని ప్రజల కక్కఱకు రావలెను. కాని పదిచోట్ల నున్న పుస్తకము రేపైనను దొరకును. ఇల్లు మాఱునపుడు పాతకాగితములతోఁ దూఁకమునకుఁ బోయిన వ్రాఁతప్రతి మరల రాదు. రెండవ యాక్షేపము హక్కులను గూర్చినది. గ్రంథకర్త మరణానంతరము 60 సంవత్సరములు హక్కు నిలుచును. అయినను రక్షణము వేఱు, ప్రకటనము వేఱు. 2012లో సవరింపఁబడిన చట్టము, లాభాపేక్ష లేని ప్రజాగ్రంథాలయము తనయొద్ద నున్న గ్రంథమును రక్షణార్థము డిజిటల్ రూపమున నుంచుకొనుట కనుమతించినది.

కావునఁ గ్రమ మిట్లుండఁదగును. మొదట పట్టిక, పిదప నితరగ్రంథాలయముల పట్టికలతోఁ బోలిక, అటుపిమ్మట నేకైకమై శిథిలమగుచున్న దానికి స్కాను. పేరు తెలుఁగు లిపిలోనే యుండవలెను. లోపించిన పుటలను జెప్పవలెను. మూలప్రతి యజమానియొద్దనే నిలువవలెను. ఏ యింట నే కట్ట యున్నదో యంత్ర మెఱుఁగదు. దాని నెఱిఁగినవాఁడు ఆ యూరి పాఠశాలాపండితుఁడు. ఆయన చేతి పట్టికయే యీ కార్యమునకుఁ దొలిమెట్టు.