ఎన్ని రావాలో ముందే చెప్పే విద్య

1965లో కోలారు బంగారు గనుల్లో, నేలకు 2.3 కిలోమీటర్ల అడుగున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినో కణాల జాడ దొరికింది. ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్, పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం వంటి టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాన్, ఇంగ్లండు సహచరులతో కలిసి సాధించిన పని అది. దక్షిణాఫ్రికా గనిలో అమెరికా శాస్త్రవేత్త రైన్స్ బృందానికీ అదే ఏడాది ఆ జాడ చిక్కింది.

కోలారు పరికరంలో కణాలను గుర్తించే రెండు నిలువు గోడలు ఎదురెదురుగా ఉండేవి. అంత లోతుకు పైనుంచి దిగే మ్యూవాన్ కణాలు దాదాపు అన్నీ రాతిలోనే ఆగిపోతాయి. అందుకే రెండు గోడలనూ అడ్డంగా దాటిన మ్యూవాన్‌ను రాతిని దాటిపోగల ఏదో న్యూట్రినో పక్కనున్న రాతిలో పుట్టించి ఉండాలి. అలాంటివి ఎన్ని పడవచ్చో ముందే అంచనా ఉండబట్టే అంత శ్రమకు దిగారు. ఆ అంచనా కట్టడం ఓ గొప్ప విద్య.

కోలారుకు మూడొందల కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న ఆదోని, ఎమ్మిగనూరుల ఆకాశాన్నే తీసుకుని ఆ లెక్క చూద్దాం. ఈ న్యూట్రినోలకు మూలం అంతరిక్షం నుంచి వచ్చి పడే కాస్మిక్ కిరణాలు. వాటిలో ఎక్కువ భాగం ప్రోటాన్లు. అయస్కాంత మధ్యరేఖ దగ్గరే కావడంతో, ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రం వాటికి గట్టిగా అడ్డుపడుతుంది. నిట్టనిలువుగా దిగాలంటే ప్రోటాన్‌కు సుమారు 17 జీఈవీ (గిగా ఎలక్ట్రాన్ వోల్టుల) శక్తి కావాలి. ధ్రువాల దగ్గర ఈ అడ్డు దాదాపు ఉండదు. పైగా ప్రోటాన్లది ధనావేశం. అందుకే సిరుగుప్ప వైపు పడమటి నుంచి వచ్చేవి, కర్నూలు వైపు తూర్పు నుంచి వచ్చేవాటికంటే ఎక్కువ.

గాలి పరమాణువును ప్రోటాన్ ఢీకొంటే పయాన్లు పుడతాయి. పయాన్ 26 నానోసెకన్లలో మ్యూవాన్‌గా, మ్యూవాన్ న్యూట్రినోగా విడిపోతుంది. ఆ మ్యూవాన్ కూడా సగటున 2.2 మైక్రోసెకన్లలో విడిపోయి మరో రెండు న్యూట్రినోలనిస్తుంది. వాటిలో ఒకటి మ్యూవాన్ రకం, ఒకటి ఎలక్ట్రాన్ రకం. మొత్తానికి రెండుకొకటి. వచ్చే ప్రోటాన్ల సంఖ్య కాస్త తప్పినా ఈ నిష్పత్తి పెద్దగా చెదరదు. న్యూట్రినోలతో పాటే పుట్టే మ్యూవాన్లను కొలిచి లెక్కను సరిచూసుకోవచ్చు కూడా. న్యూట్రినోల కంటే ముందు కోలారులో వేర్వేరు లోతుల్లో కొలిచింది మ్యూవాన్లనే. తర్వాతి కాలంలో అమెరికాలో గైసర్, స్టానెవ్, జపాన్‌లో హోండా ఈ విద్యను కంప్యూటర్ల మీద పదును పెట్టారు.

దాని విలువ 1998లో తేటతెల్లమైంది. అయస్కాంత ప్రభావం అంతగా లేని శక్తుల దగ్గర పైనుంచి ఎన్ని వస్తాయో, భూమిని చీల్చుకుని కింది నుంచీ అన్నే రావాలని లెక్క. జపాన్‌లోని సూపర్ కమియోకాండే పరికరంలోని 50,000 టన్నుల నీటిలో చూస్తే, కింది నుంచి వచ్చిన మ్యూవాన్ న్యూట్రినోలు దాదాపు సగమే. మొత్తం సంఖ్యలో ఎంత తప్పు ఉన్నా ఈ పైకిందుల పోలికను అది చెరపలేదు. దారిలో న్యూట్రినోలు రకం మారుతున్నాయని, అంటే వాటికి ద్రవ్యరాశి ఉందని తేలింది. ఆ బృందంలోని కజితకు 2015లో నోబెల్ దక్కింది. ఎన్ని రావాలో గట్టిగా చెప్పగలిగినందుకే ఆ లోటు ఆవిష్కరణ అయింది.

ఈ లెక్కలో ఒక మెట్టును, అంటే ఆ తూర్పు పడమరల తేడాను, ఆదోని కళాశాల విద్యార్థులే కొలిచి చూడొచ్చు. కణం తాకితే మెరిసే రెండు సింటిలేటర్ పలకలను ఒకే వరుసలో అమర్చి, పడమటికి 45 డిగ్రీలు వంచి మ్యూవాన్లను లెక్కపెట్టాలి. తర్వాత అంతే వంపుతో తూర్పుకు తిప్పాలి. తగినన్ని రోజులు ఓపికగా లెక్కిస్తే పడమటి సంఖ్యే పెద్దదవుతుంది.