బోర్డు తీసిందెవరు?

మార్గో లీ షెటర్లీ ‘హిడెన్ ఫిగర్స్’ (2016)ను మేము బిట్రగుంటలో కూర్చుని చదివాం. అమెరికా అంతరిక్ష యాత్రలకు లెక్కలు కట్టిన నల్లజాతి స్త్రీల చరిత్ర అది. 1962లో గ్లెన్ భూమిని చుట్టే ముందు యంత్రం లెక్కను సరిచూసింది కాథరిన్ జాన్సన్.

అంతకు ముందు, 1940లలో, అదే లాంగ్లీ కేంద్రం క్యాంటీన్‌లో వాళ్లకు వేరే బల్ల, దానిమీద బోర్డు. వేరే గ్లాసు ఎరిగిన మాకు ఇది ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. లెక్కలు కట్టే మిరియం మాన్ ఆ బోర్డు కనబడినప్పుడల్లా తీసి సంచిలో వేసుకునేది.

సినిమాలో మాత్రం మరుగుదొడ్డి బోర్డును తెల్ల అధికారి పగలగొడతాడు. అది కల్పన. ఆడమనిషి తెగువ అధికారి దయ అయిపోయింది. మన చరిత్రల్లోనూ ఉద్ధారకులకే పేరు.

మా తీరాన శ్రీహరికోటలో 1971లో తొలి రాకెట్ ఎగిరింది. ఆ కథ దీవిలో బతికిన యానాది ఆడవాళ్ల నోటనే మొదలుకావాలి.